గుంట గట్టు మీద ఫోన్ రిపేరు: 22 రోజుల డైరీ

ఫిబ్రవరి 25, 2024, ఆదివారం. గుంటలకి 31వ రోజు

మా మామకి ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకి కాస్త ఇవతల, మూడు రొయ్యల గుంటలు ఉన్నాయి. జనవరి 25న వెనామీ రకం రొయ్య పిల్ల వదిలారు. మోటారు గదిలో సిమ్ వేసిన అలారం డబ్బా ఒకటి ఉంది. కరెంటు పోయిన వెంటనే అది మామ నంబరుకి కాల్ చేస్తుంది. ఆయన లేచి జనరేటర్ వేస్తాడు. గుంట నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు మళ్ళీ తిరుగుతాయి. రాత్రిళ్ళు ఆయన నిద్రపోగలుగుతున్నాడంటే ఆ ఒక్క కాల్ మీద ఉన్న నమ్మకమే.

22వ తేదీ రాత్రి ఆ కాల్ రాలేదు. డబ్బా తన పని తను చేసింది. కానీ మామ ఫోన్ ఆ సమయానికి కంపెనీ లోగో దగ్గరే తిరుగుతూ ఉంది. కాపలా ఉండే తాతకి ఏరియేటర్ల చప్పుడు ఆగిపోయేసరికి మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది. అప్పటికే రెండో గుంటలో రొయ్యలు పైకి తేలి గట్టు వారకి వచ్చేశాయట. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామునే అన్నిటికంటే తక్కువ ఉంటుంది. పగలంతా నాచు వదిలిన ఆక్సిజన్ని రాత్రంతా ఆ నాచే, రొయ్యలే, అడుగు బురదే కలిసి వాడేస్తాయి. ఆ వేళ అరగంట ఏరియేటర్ ఆగితే నెల రోజుల కష్టం గట్టెక్కుతుందో లేదో చెప్పలేం.

"ఏందబ్బయా ఇది, ఊరికూరికే ఆరిపోయి దానంతట అదే వెలగతా ఉండాది" అని మామ ఆ ఫోన్ నా చేతిలో పెట్టాడు. టౌన్లో ఒక షాపులో చూపిస్తే సాఫ్ట్‌వేర్ వెయ్యాలి, 500 అవుతుంది, లోపల ఉన్నదంతా పోతుంది అన్నారట. అంతా పోతుంది అన్న మాటకే మామ వెనక్కి తెచ్చేసుకున్నాడు.

ఫోన్ 2021లో కొన్నది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, స్నాప్‌డ్రాగన్ చిప్. ఆండ్రాయిడ్ 11తో వచ్చి 12కి అప్‌డేట్ అయింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

ఈ రోజు చేసిన మొదటి పని: మామ సిమ్ తీసి పాత కీప్యాడ్ ఫోన్‌లో వేశాను. ఈ సిమ్ నానో, ఆ ఫోన్‌ది పెద్ద గూడు. పది రూపాయల ప్లాస్టిక్ అడాప్టర్‌లో కూర్చోబెట్టి వేశాను. అడాప్టర్ లేకుండా ఉత్త సిమ్ తోస్తే లోపల పిన్నుల్లో ఇరుక్కుంటుంది. మెయిన్ స్విచ్ దించి చూశాం. కీప్యాడ్ ఫోన్ మోగింది. ఇక ఆ స్మార్ట్‌ఫోన్ ఎన్ని రోజులు నా దగ్గర ఉన్నా గుంటలకి ప్రమాదం లేదు. నెల్లూరికి తీసుకొచ్చేశాను.

ఫిబ్రవరి 27, మంగళవారం

రీసెట్ జోలికి ఇంకా పోలేదు. జబ్బు ఎక్కడుందో తెలియకుండా రీసెట్ కొడితే, తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు.

64 జీబీలో 600 ఎంబీ మాత్రమే ఖాళీ ఉంది. ఇంత తక్కువైతే యాప్‌లు తమ లెక్కలు రాసుకోవడానికి చోటు దొరక్క పడిపోతాయి, సిస్టమ్ అప్‌డేట్‌లు కూడా దిగవు. గుడ్ మార్నింగ్ బొమ్మలూ, ఒకే వీడియో నాలుగేసి కాపీలూ ముందు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, తర్వాతే ఫోన్‌లోంచి తీసేశాను. 15 జీబీ ఖాళీ అయింది.

నా దగ్గర అదే నెట్‌వర్క్ సిమ్ ఇంకొకటి ఉంటే దాన్ని ఇందులో వేసి, నిన్నా ఇవాళా మామూలుగా వాడాను. ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. మామ చెప్పింది రోజుకి నాలుగైదు సార్లు. చోటు ఖాళీ చేయడంతోనే బాగయిందేమో అనిపించింది గానీ, నమ్మబుద్ధి కాలేదు. గుంటల దగ్గర చూస్తే గానీ తేలదు.

ఫిబ్రవరి 28, 29. గుంటలకి 34, 35వ రోజులు

రెండు రాత్రులూ మోటారు గదిలోనే పడుకున్నాను. ల్యాప్‌టాప్, ఛార్జర్, దోమల బత్తి.

మొదటి రాత్రి సేఫ్ మోడ్. పవర్ బటన్ నొక్కి పట్టుకుని, తెర మీద పవర్ ఆఫ్ అన్న మాటని కూడా అలాగే నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మనం ఎక్కించుకున్న యాప్‌లేవీ నడవవు, ఫోన్‌తో వచ్చినవే ఉంటాయి. పది గంటల నుంచి ఐదు గంటల లోపు మూడు సార్లు రీస్టార్ట్ అయింది. అంటే యాప్‌ల తప్పు కాదు. చోటు చాలకపోవడమూ కాదు, 15 జీబీ ఖాళీగానే ఉంది.

మూడోసారి ఆరి వెలిగిన వెంటనే కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండులు పంపే ఏడీబీ అనే టూల్‌తో అడిగాను. బిల్డ్ నంబర్ మీద ఏడు సార్లు తట్టి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ముందే పెట్టుకుని ఉన్నాను. గెట్‌ప్రాప్ కమాండుతో బూట్ రీజన్ అడిగితే, ఫోన్ క్రితంసారి ఎందుకు ఆగిందో అదే చెబుతుంది. ఎవరైనా నొక్కి రీస్టార్ట్ చేసి ఉంటే రీబూట్ అంటుంది. బ్యాటరీ అయిపోయి ఉంటే ఆ మాట అంటుంది. ఇది కర్నెల్ పానిక్ అంది. ఏదో యాప్ కింద పడటం కాదు, ఇంటి పునాదే కదిలినట్టు. యాప్‌లకీ చిప్పులకీ మధ్య ఉండే కర్నెల్ ఇక ముందుకు పోలేక మొత్తం ఫోన్‌ని ఆపేసిందని అర్థం.

తల గోక్కుంటూ కూర్చున్నప్పుడు తెర పైన సిగ్నల్ గీతలు కనిపించాయి. ఒక గీత, కాసేపటికి ఏమీ లేదు, మళ్ళీ ఒక గీత. సముద్రం వైపు కాబట్టి ఫోన్ ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకుంటూనే ఉంటుంది. నెల్లూరులో మా ఇంట్లో నాలుగు గీతలూ నిండుగా ఉంటాయి. అక్కడ రెండు రోజులు కదలకుండా ఉన్న ఫోన్ ఇక్కడ రెండు మూడు గంటలకోసారి పడిపోతోందంటే తేడా ఆ గీతల్లోనే ఉండాలి.

రెండో రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాను. మామూలు మోడే, యాప్‌లన్నీ ఉన్నాయి. అదే గది, అదే ఛార్జర్. తెల్లవార్లూ ఒక్కసారి కూడా పడలేదు.

అక్కడ తేలిపోయింది. తప్పు మోడెమ్ వైపు ఉంది. టవర్‌తో మాట్లాడే భాగాన్ని మోడెమ్ అంటారు. దానికి విడిగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఫోన్ స్టోరేజ్‌లో దానికంటూ ఒక గది ఉంటుంది. అది కూలినప్పుడు దాన్ని ఒక్కదాన్నే మళ్ళీ లేపాలి. అలా లేపలేకపోతే కర్నెల్ తనతో పాటు అంతా ఆపేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి బాగా అర్థం చేసుకోవాలి. ఫ్యాక్టరీ రీసెట్ చెరిపేది యూజర్ డేటా అనే గదిని మాత్రమే. ఫోటోలు, యాప్‌లు, మెసేజ్‌లు, సెట్టింగులు పోతాయి. సిస్టమ్ గది, మోడెమ్ గది ఎక్కడివి అక్కడే ఉంటాయి. పేరులో ఫ్యాక్టరీ ఉంది కదా అని ఫోన్ కొన్న రోజుకి వెళ్ళిపోతుందని అందరూ అనుకుంటారు. వెళ్ళదు. ఆండ్రాయిడ్ 12కి అప్‌డేట్ అయిన ఫోన్‌ని రీసెట్ చేస్తే ఆండ్రాయిడ్ 12తోనే లేస్తుంది. మనకి కావలసినవన్నీ పోయి, చెడిపోయినది అలాగే మిగిలే అవకాశం ఉంది.

అయినా ఒకసారి రీసెట్ చేసి చూడాలనే నిర్ణయించాను. నెట్‌వర్క్ సెట్టింగులు కొన్ని యూజర్ డేటాలోనే ఉంటాయి. ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ తాళం తెరిచే పెద్ద పనికి ముందు చిన్న పని చేసి చూడటం న్యాయం.

మార్చి 1, శుక్రవారం

రీసెట్‌కి ముందు చూడాల్సిన మొదటి సంగతి: ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిది?

మామని అడిగితే "అదంతా ఫోన్ కొన్నప్పుడు షాపు పిల్లోడే పెట్టినాడు, నాకేం తెలుసబ్బయా" అన్నాడు. మన ఊళ్ళలో సగం ఫోన్ల సంగతి ఇదే. ఐడీ ఏదో తెలియదు, పాస్‌వర్డ్ అసలే తెలియదు. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ అనే తాళం ఉంది. బటన్లు నొక్కి తెరిచే రికవరీ మెనూలోంచి రీసెట్ చేస్తే, లేచిన ఫోన్ పాత గూగుల్ అకౌంటే అడుగుతుంది. అది చెప్పలేకపోతే ఫోన్ తెరుచుకోదు. దొంగల కోసం పెట్టిన తాళం. పాస్‌వర్డ్ తెలియని సొంతదారుకి కూడా అదే తాళం పడుతుంది.

ఫోన్ ఇంకా లాగిన్ అయి ఉంది కాబట్టి బతికిపోయాం. గూగుల్ అకౌంట్ సెట్టింగుల్లో పాస్‌వర్డ్ మర్చిపోయాం అని నొక్కితే, ఇదే ఫోన్ స్క్రీన్ లాక్ పెట్టి నిరూపించుకోమంది. మామ ప్యాటర్న్ గీశాడు, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిచ్చింది. రికవరీ నంబరు చూస్తే ఆ షాపుది. అది తీసేసి మామదీ నాదీ పెట్టాను. ఐడీ, పాస్‌వర్డ్ రెండూ మామ గుంటల లెక్కల పుస్తకం అట్ట లోపల రాసిచ్చాను. కాయితం మీద రాయకూడదంటారు. కానీ మామకి ఆ పుస్తకం కంటే భద్రమైన చోటు లేదు.

మార్చి 2, శనివారం

రోజంతా బ్యాకప్. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన రోజు ఇదే.

ఫోటోలు, వీడియోలు ఏడీబీ పుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. ఫోన్ నంబర్లు 412. అందులో గూగుల్‌లో ఉన్నవి వందకి లోపే, మిగతావన్నీ ఫోన్ మెమరీలో సేవ్ చేసినవి. రీసెట్ కొట్టి ఉంటే జనరేటర్ మెకానిక్, ఐస్ ఫ్యాక్టరీ, సీడ్ లారీ డ్రైవరు, అందరూ పోయేవాళ్ళు. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే అన్నీ ఒకే వీసీఎఫ్ ఫైల్‌గా వచ్చాయి. దాన్ని మూడు చోట్ల పెట్టాను.

తర్వాత వాట్సాప్. బ్యాకప్ చూస్తే చివరి తేదీ మూడు నెలల కిందటిది. ఉచితంగా వచ్చే 15 జీబీ గూగుల్ చోటు ఫోటోలతోనే నిండిపోయింది. పైగా ఇదివరకు ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌ని ఆ 15 జీబీలో లెక్కపెట్టేవాళ్ళు కాదు, ఇప్పుడు లెక్కలోకి తెస్తున్నారు. చోటు లేక బ్యాకప్ ఆగిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు.

"వాట్సాప్ పోతే పోనీ మామా, ఏముంది అందులో" అన్నాను. మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసుకుని, తన నంబరుకి తనే పంపుకునే చాట్ తెరిచి, ఒకటి నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు.

"పద్నాలుగో తేదీ. గుంట రెండు. ఉదయం ఆరు గంటల మేత. నాలుగు కిలోలు. చెక్ ట్రే చూసినా, మిగల్లా. మధ్యాన్నానికి అర కిలో పెంచాల."

మామ ఐదో తరగతి దాకానే చదివాడు, రాయడం నిదానం. అందుకని మేత వేసిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి తనకి తనే వాయిస్ మెసేజ్ పెట్టుకుంటాడు. మేత ఎంత, రొయ్యలు తిన్నాయో లేదో చూడటానికి గుంటలో దించే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏ రోజు మందు చల్లాడు, ఏ రోజు రొయ్య తూకం చూశాడు. ఏడాదికి పైగా, నాలుగు పంటల లెక్క. వెనక గాలి హోరు, ఏరియేటర్ చప్పుడు. ఇదంతా ఇందులో ఉందని నాకు ఈ రోజు దాకా తెలియదు. షాపులో అంతా పోతుంది అన్నప్పుడు ఆయన ఫోన్ ఎందుకు వెనక్కి తెచ్చేసుకున్నాడో అప్పుడు అర్థమైంది.

వాట్సాప్‌లో బ్యాకప్ బటన్ నొక్కి, ఫోన్ లోపల కొత్త కాపీ తయారు చేయించాను. తర్వాత ఆండ్రాయిడ్, మీడియా అనే ఫోల్డర్ల లోపల ఉండే వాట్సాప్ ఫోల్డర్‌ని మొత్తంగా ల్యాప్‌టాప్‌లోకి లాగాను. డేటాబేస్ ఫైల్‌కి తాళం వేసి ఉంటుంది, మనం చదవలేం. కానీ అదే నంబరుతో వాట్సాప్ మళ్ళీ పెట్టేటప్పుడు ఆ ఫోల్డర్ అదే చోట ఉంటే అది గుర్తుపట్టి తెరుచుకుంటుంది. వాయిస్ మెసేజ్‌లు మాత్రం విడిగా మామూలు ఫైళ్ళే. వారానికొక ఫోల్డర్: సంవత్సరం, పక్కనే వారం నంబరు. ఫైల్ పేరులో తేదీ. ఎవరూ పూనుకుని పెట్టకుండానే పంట లెక్క అంతా వారాల వారీగా అమర్చి ఉంది. ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి మామకిచ్చాను. వేసిన తర్వాత ఒక పది ఫైళ్ళు అక్కడా ఇక్కడా తెరిచి విన్నాను. కాపీ అయిందని చూపించడం వేరు, తెరుచుకోవడం వేరు.

మార్చి 3, ఆదివారం. గుంటలకి 38వ రోజు

ముందు సెట్టింగుల్లో గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాత సెట్టింగుల్లోంచే రీసెట్. ఐదు నిమిషాల్లో అయిపోయింది. వాట్సాప్, యూపీఐ, ఏవీ ఎక్కించలేదు. ఉత్త ఫోన్, నా సిమ్. పరీక్ష అయ్యేదాకా ఏదీ ఎక్కించకూడదు. ఎక్కిస్తే మళ్ళీ పడినప్పుడు ఎవరిని అనుమానించాలో తెలియదు.

మార్చి 5, మంగళవారం

రెండు రాత్రులు గుంటల దగ్గర. మొదటి రాత్రి రెండు సార్లు, రెండో రాత్రి మూడు సార్లు. బూట్ రీజన్ అదే కర్నెల్ పానిక్. రీసెట్‌తో పోలేదు.

ఇక మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ తీసి కొత్తది వెయ్యాలి. దానికి బూట్‌లోడర్ తాళం తియ్యాలి. కంపెనీ అన్‌లాక్ టూల్‌లో అకౌంట్ కలిపి, మొబైల్ డేటా మీద అప్లై చేస్తే 168 గంటలు ఆగమంది. సరిగ్గా వారం. తొందరపడి ఎవరూ పాడు చేసుకోకుండా, దొంగ ఫోన్లు అప్పటికప్పుడు తెరవకుండా ఈ గడువు. వారం అంటే మామకి బెంగ. కీప్యాడ్ ఫోన్ పనిచేస్తోంది కాబట్టి ఓర్చుకున్నాడు. ఫీడ్ షాపులో ఖాతా రాయించుకుంటున్నాడు. రోజూ రాత్రి నాకు కాల్ చేసి ఆ రోజు మేత లెక్క చెబుతున్నాడు, నేను నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఫిబ్రవరి 26 నుంచి ఇదే పద్ధతి.

మార్చి 6, బుధవారం

ఎలాగూ తాళం తీస్తున్నాం కదా, కంపెనీ సిస్టమ్ బదులు లీనియేజ్ ఓఎస్ అనే ఉచిత ఆండ్రాయిడ్ వేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాను. 2016 చివర్లో అలాంటిదే అయిన సయనోజెన్‌మాడ్ ఆగిపోయినప్పుడు దాని కొనసాగింపుగా మొదలైంది. తేలిగ్గా ఉంటుంది, పాత ఫోన్లకి కొత్త ఆండ్రాయిడ్ ఇస్తుంది. నా పాత ఫోన్‌లో అదే వాడుతున్నాను, నాకు ఇష్టం కూడా.

కానీ మామ ఫోన్‌కి వద్దు అనుకున్నాను. బూట్‌లోడర్ తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఫోన్‌ని నమ్మవు, తెరుచుకోవు. రొయ్యల పట్టుబడి రోజు డబ్బు పడిందో లేదో గట్టు మీదే చూసుకోవలసిన మనిషికి అది కుదరదు. కంపెనీ సిస్టమే మళ్ళీ వేసి, తాళం మళ్ళీ వేసెయ్యాలి. అదే నిర్ణయం.

మార్చి 8, శుక్రవారం. శివరాత్రి

అమ్మ మూలాపేట మూలస్థానేశ్వరస్వామి గుడికి జాగారానికి వెళ్ళింది. నేను ఇంట్లో ఫోన్‌లో వెయ్యాల్సిన కంపెనీ సిస్టమ్ ఫైల్, అంటే ఫర్మ్‌వేర్, డౌన్‌లోడ్ పెట్టి కూర్చున్నాను. నాలుగు జీబీ పైన ఉంది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి రౌటర్ ఆగింది, మళ్ళీ వచ్చాక ఆగిన చోట నుంచి కొనసాగింది. పూర్తయ్యాక, ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చెప్పే ఎండీ5 సంఖ్య చూస్తే, పేజీలో ఇచ్చిన సంఖ్య ఒకటి, నా ఫైల్‌ది ఒకటి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండు ఇది చూసి చెబుతుంది. చూడకుండా వేసి ఉంటే సగం విరిగిన సిస్టమ్ ఫోన్‌లోకి వెళ్ళేది. తీసేసి మొదటి నుంచి మళ్ళీ పెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి రెండో ఫైల్ సరిపోయింది. అమ్మ విభూది తీసుకుని వచ్చేసరికి నేనూ జాగారం చేసి ఉన్నాను.

ఫైల్ ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూశాను. ఒకటి, ఇది ఇండియా ఫోన్ కాబట్టి ఇండియా బిల్డే, అంటే ఇండియా కోసం తయారైన సిస్టమ్ వెర్షనే, కావాలి. గ్లోబల్ బిల్డ్ వేసి తాళం వేస్తే కొన్ని ఫోన్లు ఇక లేవవు. రెండు, ఫోన్‌లో ఇప్పుడున్న బిల్డ్ కంటే పాతది వెయ్యకూడదు. పాత సిస్టమ్‌లోకి వెనక్కి పోనివ్వకుండా యాంటీ రోల్‌బ్యాక్ కాపలా ఉంటుంది, దాన్ని కాదని పాతది తోస్తే ఫోన్ ఇటుకరాయి అయిపోతుంది. చోటు లేక మామ ఫోన్‌కి చాలా అప్‌డేట్‌లు దిగనే లేదు. నేను తీసుకున్నది అదే ఆండ్రాయిడ్ 12లో అన్నిటికంటే కొత్త బిల్డ్.

మార్చి 12, మంగళవారం. గుంటలకి 47వ రోజు

168 గంటలు రాత్రి తొమ్మిదింటికి పూర్తయ్యాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉంది, ఫోన్ 80 శాతం. పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి నొక్కితే, కేబుల్ ద్వారా కొత్త సిస్టమ్ రాయించుకునే ఫాస్ట్‌బూట్ తెర. కేబుల్ పెడితే ల్యాప్‌టాప్ అసలు గుర్తించలేదు. ఛార్జర్‌తో వచ్చిన కేబుల్ కదా అని అదే పెట్టాను, అది ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరాని కేబుల్‌గా మారిపోయింది, లోపల తీగ తెగి ఉంటుంది. ఇంకోటి మార్చాను. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పోయేదాకా డ్రైవర్ పెట్టాను. అన్‌లాక్ నొక్కాను. అన్‌లాక్‌తో కూడా ఫోన్ మొత్తం చెరిగిపోతుంది. వాట్సాప్ ఎక్కించకుండా ఉంచడం ఇందుకు కూడా మంచిదైంది.

ఫ్లాషింగ్, అంటే కొత్త సిస్టమ్ రాయడం, మొదలుపెట్టాను. ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో స్క్రిప్టులు రెండు మూడు ఉంటాయి. పేరులో లాక్ అని ఉన్నది మొదటిసారే నొక్కకూడదు. ముందు తాళం వెయ్యనిది నడిపి, ఫోన్ సరిగ్గా లేచిందని చూసుకున్నాకే తాళం.

నల్ల తెర మీద ఒక్కో గది పేరు వస్తోంది, పక్కన ఓకే అని పడుతోంది. బూట్‌లోడర్ ముక్కలు. మోడెమ్. నేను ఇన్నాళ్ళు చూస్తున్నది ఆ ఒక్క లైను కోసమే. కొన్ని సెకన్లలో ఓకే అయిపోయింది. తర్వాత సూపర్ అనే పెద్ద గది. సిస్టమ్ అంతా అందులోనే ఉంటుంది, ముక్కలు ముక్కలుగా పంపుతుంది. నాలుగో ముక్క దగ్గర ఆగిపోయింది.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. కదలిక లేదు. అరచేతులు చెమట పట్టాయి. సిస్టమ్ సగం రాసి ఉంది, ఇప్పుడు కేబుల్ తీస్తే ఏమవుతుంది?

నిదానంగా ఆలోచించాను. ఫాస్ట్‌బూట్ తెర ఇంకా వెలుగుతోంది. దాన్ని నడిపే బూట్‌లోడర్ ముక్కలు ముందే రాయడం పూర్తయ్యాయి. సిస్టమ్ గది సగంలో ఉన్నా, ఫాస్ట్‌బూట్ తెరుచుకున్నంత కాలం మళ్ళీ మొదటి నుంచి వేసుకోవచ్చు. ఫోన్ చచ్చిపోలేదు. అనుమానం పోర్ట్ మీదకి వెళ్ళింది. నేను పెట్టింది నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్ట్. ఫాస్ట్‌బూట్‌కీ ఆ పోర్టులకీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో పొసగదు. పాత యూఎస్‌బీ 2 హబ్ వెతికి తెచ్చి, దాని ద్వారా పెట్టి, స్క్రిప్ట్ మొదటి నుంచి నడిపాను. ఈసారి ముక్కలన్నీ ఆగకుండా వెళ్ళాయి. మొత్తం ఎనిమిది నిమిషాలు.

మొదటిసారి లేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. లోగో దగ్గర అంతసేపు ఉంటే ఎవరికైనా గుండె దడగానే ఉంటుంది. కానీ మొదటిసారి యాప్‌లన్నీ సర్దుకోవాలి కాబట్టి అది మామూలే. భాష ఎంచుకోమని తెర వచ్చింది. తెలుగు నొక్కాను. సెట్టింగుల్లో బేస్‌బ్యాండ్ వెర్షన్ చూశాను. మోడెమ్ సాఫ్ట్‌వేర్ నంబరు అంటే ఇదే. మొదటి రోజు తీసిన స్క్రీన్‌షాట్‌లో ఉన్న దానికంటే కొత్తది.

మార్చి 13, బుధవారం

పొద్దంతా వాడి చూసి, రాత్రి మళ్ళీ ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్ళి తాళం వేశాను. మళ్ళీ మొత్తం చెరిగింది, మళ్ళీ లేచింది. స్టార్ట్ అయ్యేటప్పుడు పైన కనిపించే తెరిచిన తాళం గుర్తు పోయింది. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ఫోన్ సర్టిఫై అయినట్టు చూపిస్తోంది.

మార్చి 16, శనివారం. గుంటలకి 51వ రోజు

14, 15 రాత్రులు గుంటల దగ్గర, నా సిమ్‌తో, ఎయిర్‌ప్లేన్ మోడ్ లేకుండా. గీత ఒకటి, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. అదే సిగ్నల్, అదే గాలి. ఏడీబీలో అప్‌టైమ్ అడిగితే ఫోన్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెబుతుంది. ఈ పొద్దున రెండు రోజుల రెండు గంటలు. క్రాష్ లాగ్ ఖాళీ.

పొద్దున గట్టు మీద టీ తాగుతూ ఈ మాట చెబితే మామ ఫోన్ తీసుకుని, తెర మీద అరచేత్తో ఒకసారి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇయ్యాల్టి నుంచి నా దగ్గరే ఉంటాది" అన్నాడు.

మార్చి 17, ఆదివారం. గుంటలకి 52వ రోజు

ఎక్కించడం. మామ సిమ్ కీప్యాడ్‌లోంచి మళ్ళీ ఇందులోకి. ముందుగా వాట్సాప్ ఫోల్డర్‌ని అదే చోట పెట్టి, తర్వాత వాట్సాప్ ఎక్కించి నంబరు ఇచ్చాను. బ్యాకప్ దొరికింది, తెచ్చుకోవాలా అని అడిగింది. ఈ ప్రశ్న రాకపోతే ఫోల్డర్ తప్పు చోట ఉన్నట్టు, అక్కడే ఆగి సరిచేసుకోవాలి. వద్దు అని దాటేసి ముందుకు పోతే ఖాళీ వాట్సాప్ మొదలవుతుంది. తన నంబరు చాట్ తెరిస్తే ఏడాది లెక్కా వరసగా ఉంది. నంబర్లు 412 వచ్చాయి.

యూపీఐ మళ్ళీ రిజిస్టర్ చేశాం. మొదటి 24 గంటలు ఐదు వేలకి మించి పంపలేమని చూపించింది. ఫీడ్ షాపు బాకీ రేపు కట్టొచ్చు.

రాత్రి తొమ్మిదింటికి మెయిన్ స్విచ్ దించాం. ఏరియేటర్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. చీకట్లో నీళ్ళ చప్పుడు కూడా పోయింది. నేను లెక్కపెడుతున్నాను. పన్నెండు దగ్గర మామ జేబులో ఫోన్ మోగింది. స్విచ్ వేసేశాం.

తర్వాత మామ ఫీడ్ బస్తాల మీద కూర్చుని నోటుపుస్తకం తెరవమన్నాడు. ఫిబ్రవరి 26 నుంచి కీప్యాడ్ ఫోన్‌లో చెప్పిన లెక్కంతా అందులో నా రాతలో ఉంది. నేను ఒక్కో రోజు చదువుతుంటే, ఆయన బటన్ నొక్కి పట్టుకుని తన గొంతుతో మళ్ళీ చెప్పాడు. "ఇరవయ్యారు. గుంట ఒకటి. ఉదయం ఆరు. ఏడు కిలోలు. చెక్ ట్రేలో కాస్త మిగిలింది." ఇరవై ఒక్క రోజుల లెక్క, మూడు గుంటలు, రోజుకి నాలుగు మేతలు. పదకొండు దాటింది. మార్చి ఐదో తేదీ దగ్గర నేను రాసిన అంకె తప్పని పట్టుకుని ఎనిమిది కాదు ఎనిమిదిన్నర అన్నాడు. దిద్దుకుని తర్వాతి రోజుకి వెళ్ళాం.